ఫాల్స్ సీలింగ్ పైన 300 మి.మీ. కేబుల్ ట్రే: 2.5 మీటర్లకొక సపోర్ట్ సరిపోతుందా?

కారిడార్45:

ఆఫీసు భవనంలో ఒక అంతస్తు కారిడార్ పొడవునా, ఫాల్స్ సీలింగ్ పైన కేబుల్ ట్రే వేయాలి.

ట్రే: చిల్లుల జీఐ, 300 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. అంచు, 1.6 మి.మీ. రేకు, ఒక్కో పీసు 2.5 మీటర్లు. తిన్నగా 45 మీటర్లు పోయి, చివర 90 డిగ్రీల బెండ్ తిరిగి, షాఫ్టులో నిలువుగా 14 మీటర్లు దిగుతుంది. దారిలో ఒక ఫైర్ వాల్ అడ్డం వస్తుంది.

కేబుళ్లు: 4 కోర్ 35 స్క్వేర్ (చ.మి.మీ.) కాపర్ ఆర్మర్డ్ (చుట్టూ లోహపు కవచం ఉన్నవి) ఆరు, 4 కోర్ 95 స్క్వేర్ కాపర్ ఆర్మర్డ్ రెండు. కేటలాగు ప్రకారం 35ది మీటరుకు 2.5 కిలోలు, వ్యాసం 28 మి.మీ. 95ది మీటరుకు 5 కిలోలు, వ్యాసం 41 మి.మీ.

ఇప్పటికి అనుకున్నది: ప్రతి జాయింట్ కింద ఒక సపోర్ట్, అంటే 2.5 మీటర్లకొకటి. రెండు పక్కలా 8 ఎంఎం థ్రెడ్ రాడ్లు, కింద ఛానల్, స్లాబులో డ్రాప్ ఇన్ యాంకర్లు (చిల్లులో దించి, కొట్టి బిగించే లోహపు గొట్టాలు), కేబుళ్లకు ప్లాస్టిక్ టైలు. ట్రే ఎలాగూ ఇనుమే కాబట్టి ఎర్త్ గురించి వేరే చూడక్కర్లేదని ఒకరంటున్నారు, పక్కన ఎర్త్ పట్టీ లాగాల్సిందేనని ఇంకొకరంటున్నారు.

ఇందులో ఏవి మార్చాలి? కారణంతో సహా చెబితే సైట్‌లో ఒప్పించడం తేలిక.

లోడ్‌లెక్క:

2.5 మీటర్లు వద్దు. సరిగ్గా జాయింట్ కింద సపోర్ట్ కూడా వద్దు. ఇవి రెండు వేరు వేరు తప్పులు.

ముందు బరువు. ఆరు 35లు 15 కిలోలు, రెండు 95లు 10 కిలోలు, కేబుళ్లే మీటరుకు 25. రేపు వచ్చే కేబుళ్లకని ఇంకో పావు వంతు కలిపితే 31. ట్రే సొంత బరువు 4 కిలోలు అనుకుందాం. మొత్తం మీటరుకు 35 కిలోలు. ఈ అంకె పట్టుకుని తయారీదారు ఇచ్చిన లోడ్ గ్రాఫు చూడాలి. అందులో దూరం పెరిగేకొద్దీ గీత ఎంత నిటారుగా పడిపోతుందో గమనించండి. ట్రే మీద పడే వంపు భారం దూరం వర్గంతో పెరుగుతుంది, కుంగు ఏకంగా నాలుగో ఘాతంతో పెరుగుతుంది. అదే బరువుకు 1.5 మీటర్లను 2.5 చేస్తే వంపు భారం 2.8 రెట్లు, కుంగు 7.7 రెట్లు. కేబుల్ ట్రేల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61537 ప్రకారం ట్రే సురక్షిత లోడ్ దగ్గర కుంగు స్పాన్‌లో (రెండు సపోర్టుల నడుమ దూరంలో) నూరో వంతు దాటకూడదు. అంటే 1.5 మీటర్ల స్పాన్‌కు 15 మి.మీ. అడ్డంగా అడుగు రేకు కుంగు వెడల్పులో ఇరవయ్యో వంతు లోపు ఉండాలి, మీ ట్రేకి అదీ 15 మి.మీ.యే.

50 మి.మీ. అంచు ఉన్న చిల్లుల ట్రేకి మామూలుగా 1.5 మీటర్లు దాటరు. 2.5, 3 మీటర్లు కావాలంటే అంచు ఎత్తు పెంచాలి, లేదా నిచ్చెనలా మెట్లుండే లాడర్ ట్రేకి మారాలి. వెడల్పు పెంచినందువల్ల స్పాన్ బలం పెరగదు. ఆ బలమంతా పక్క అంచుల్లో ఉంటుంది.

ఇక జాయింట్. చాలా సపోర్టుల మీదుగా సాగే దూలంలో వంపు ఎక్కువగా పడేది సపోర్ట్ దగ్గర, తర్వాత స్పాన్ నడుమ. దాదాపు పావు వంతు దూరంలో అది సున్నాకు దగ్గరగా వస్తుంది. జాయింట్ ప్లేటు ఎంత బిగించినా నిండు రేకంత బలం దానికి రాదు, అందుకే సపోర్ట్ నుంచి స్పాన్‌లో పావు వంతు లోపల, సపోర్ట్‌ను కాస్త తప్పించి పెడతారు. పైగా సరిగ్గా ఛానల్ మీదే జాయింట్ వస్తే ప్లేటు అంచు, నట్లు ఛానల్‌కి తగిలి ట్రే సమంగా కూర్చోదు, స్పానర్ పట్టే చోటూ ఉండదు.

మీ పీసులు 2.5 మీటర్లు కాబట్టి ఒక సులువుంది. సపోర్టుల దూరం 1.5 కాకుండా 1.25 మీటర్లు పెట్టండి. మొదటి సపోర్ట్ ట్రే మొదలు నుంచి 0.3 మీటర్ల దగ్గర. అప్పుడు వరుసగా 0.3, 1.55, 2.8, 4.05, 5.3 ఇలా వస్తాయి. జాయింట్లు 2.5, 5.0, 7.5 దగ్గర. ప్రతి జాయింటూ తన తర్వాతి సపోర్ట్‌కి 0.3 మీటర్ల ముందే పడుతుంది, అంటే సుమారు పావు స్పాన్. మొదటి స్పాన్‌లో జాయింటే రాదు, కొస స్పాన్ ఎప్పుడూ బలహీనం కాబట్టి అదీ మంచిదే. ట్రే మొదలు నుంచే 1.5 మీటర్లకొకటి పెడితే లెక్క జారుతూ పోయి మూడో జాయింట్, 7.5 మీటర్ల దగ్గరది, ఏకంగా సపోర్ట్ మీదకే వస్తుంది.

45 మీటర్లకు ఇలా 36 సపోర్టులు, చివర 44.7 దగ్గర ఇంకొకటి, మొత్తం 37. అంటే రాడ్లు 74, యాంకర్లు 74. జాయింట్లు 17. బెండ్‌కి రెండు కొసల్లోనూ 600 మి.మీ. లోపల సపోర్ట్ ఉండాలి, ఈ వైపు 44.7 దగ్గరది సరిపోతుంది, షాఫ్టు వైపు వేరే కావాలి.

డ్రిల్‌బిట్టు:

పై లెక్క ప్రకారం ఒక్కో రాడ్‌కి 22 కిలోలు. ట్రే పనిలో ఊడేది ట్రే కాదు, చాలాసార్లు స్లాబులోని యాంకర్. కాబట్టి అక్కడే ఎక్కువసేపు ఆగుతాను.

చిల్లు వేసే ముందు స్లాబు ఏ రకమో కనుక్కోండి. పోస్ట్ టెన్షన్ స్లాబైతే (లోపల ఉక్కు తీగలు లాగి బిగించినది) స్కాన్ చేసి, ఆ తీగలు పోయిన గీతలు స్లాబు అడుగున గుర్తు పెట్టకుండా డ్రిల్ ఆన్ చేయొద్దు. బిగించి ఉన్న తీగ తెగితే జరిగే నష్టం ట్రేతో ఆగదు. లోపల బోలుగా ఉండే హాలో కోర్ స్లాబైతే మామూలు డ్రాప్ ఇన్ పనికిరాదు, దాని కోసం చేసినవే వాడాలి. మామూలు స్లాబులోనూ కమ్మీ తగిలితే అదే చిల్లును పెద్దది చేయకుండా పక్కకు జరగండి.

8 ఎంఎం బదులు 10 ఎంఎం రాడ్లు, యాంకర్లు పెట్టండి. 10 ఎంఎం డ్రాప్ ఇన్‌కి సాధారణంగా 12 మి.మీ. బిట్టు, 40 మి.మీ. లోతు. ఈ లోతు కాంక్రీటులో ఉండాలి. స్లాబు అడుగున 15 మి.మీ. ప్లాస్టరింగ్ ఉంటే దాన్ని లెక్కలోంచి తీసేయాలి, అక్కడ ప్లాస్టర్ చెక్కి కాంక్రీటు బయటపెట్టి కొట్టాలి. బిట్టుకు లోతు స్టాప్ పెట్టుకోండి. ఈ యాంకర్ వ్యాకోచించేది లోపలి చిన్న బిళ్ల వల్ల. చిల్లు ఎక్కువ లోతైతే సెట్టింగ్ పంచ్‌తో కొట్టినప్పుడు యాంకరే పైకి పోతుంది తప్ప బిళ్ల సరిగా దిగదు. చిల్లులో పొడి మిగిలినా అదే తంతు. బ్లోయర్, బ్రష్, మళ్లీ బ్లోయర్. తల పైన కొట్టే పని కాబట్టి కళ్లద్దాలు, మాస్కు, దుమ్ము లాగే అటాచ్‌మెంట్ తప్పనిసరి, ఆ పొడిలో సిలికా ఉంటుంది.

పంచ్ ఆ యాంకర్ కంపెనీదే వాడాలి. పంచ్ భుజం యాంకర్ అంచుకు తగిలేదాకా కొడితేనే సెట్ అయినట్టు. ఏదో ఇనప ముక్కతో నాలుగు దెబ్బలు వేసి వదిలేసిన యాంకర్ ఆ రోజు బరువు పడుతుంది, కేబుల్ లాగుడు కుదుపులకు మెల్లగా జారుతుంది.

తర్వాత రాడ్. 10 ఎంఎం రాడ్ పిచ్ 1.5 మి.మీ., యాంకర్‌లోకి కనీసం 7 చుట్లు పోవాలి, అంటే 10 మి.మీ. పైన. రాడ్‌కి ముందే మార్కర్‌తో గీత పెట్టుకుంటే కింద నుంచే తెలుస్తుంది. ఛానల్‌కి పైన ఒక నట్టు, కింద ఒక నట్టు, చదరపు వాషర్లతో. కింద నట్టు ఒక్కటే పెడితే లాగుడులో ఛానల్ పైకి ఎగిరి తిరుగుతుంది.

అన్నీ అయ్యాక కొన్నిటిని పుల్ టెస్టర్‌తో లాగి చూడండి. బ్రిటిష్ పద్ధతి బీఎస్ 8539లో ప్రూఫ్ టెస్ట్ అంటే 40కి ఒకటి, ఎన్ని తక్కువైనా కనీసం 3, పనిలోడ్‌కి ఒకటిన్నర రెట్లు. మీ 74కి 3 చాలు. ఒక్కటి జారినా ఆ మనిషి ఆ పూట కొట్టినవన్నీ చూడాలి.

స్పానర్13:

22 కిలోలకు 10 ఎంఎం రాడ్ ఎందుకండీ? 8 ఎంఎం రాడ్ కోత 36.6 చ.మి.మీ., మెత్తటి ఉక్కే అనుకున్నా 800 కిలోల పైన పడితే గానీ సాగదు. లెక్కలు చెప్తూనే లెక్కకు మించిన సామాను రాయిస్తున్నారు.

డ్రిల్‌బిట్టు:

రాడ్ వరకు మీరు చెప్పింది నిజం, తిన్నగా కిందికి లాగితే అది తెగదు. నా అభ్యంతరం యాంకర్‌తో. 8 ఎంఎం డ్రాప్ ఇన్ లోతు 30 మి.మీ. మాత్రమే. ప్లాస్టరింగ్ 15 మి.మీ. ఉండి ఎవరూ చెక్కకపోతే కాంక్రీటులో మిగిలేది సగం. 10 ఎంఎందానికి అదే తప్పు జరిగినా 25 మి.మీ. మిగులుతుంది.

ఇంకొకటి, 22 కిలోలు అన్నది అంతా బాగున్నప్పటి మాట. ఒక సపోర్ట్ ఊడితే పక్కవాటి మధ్య దూరం 2.5 మీటర్లవుతుంది, వాటి బరువు ఒకటిన్నర రెట్లు. కేబుల్ లాగేటప్పుడు రాడ్ పక్కకు వంగుతుంది, థ్రెడ్ మొదట్లో ఆ వంపు పడుతుంది. సన్న రాడ్ అక్కడే విరుగుతుంది.

స్పానర్13:

ప్లాస్టర్ సంగతి ఒప్పుకున్నాను. 10 ఎంఎం కానివ్వండి.

ఎర్త్‌లింక్:

ఎర్త్ గొడవలో ఇద్దరిదీ సగం సగం నిజం.

ట్రే ఇనుమే, కానీ అది ఒక్క ముక్క కాదు, 18 ముక్కలు. ఐఈసీ 61537లో విద్యుత్ కొనసాగింపు ఉన్నదని ప్రకటించిన ట్రేకి జాయింట్ దగ్గర 50 మిల్లీ ఓమ్‌లు, జాయింట్ లేని చోట మీటరుకు 5 మిల్లీ ఓమ్‌లు గరిష్ఠం. ఆ హద్దులోనే ఉన్నాయనుకుని కూడితే చూడండి: 17 జాయింట్లకు 0.85 ఓమ్, 45 మీటర్ల రేకుకు 0.225, వెరసి ఒక ఓమ్ పైనే. 230 వోల్టుల ఫాల్ట్ కరెంటు ఆ దారిన మాత్రమే పోవాల్సి వస్తే 200 ఆంపియర్ల చుట్టూ ఉంటుంది. 95 స్క్వేర్ ఫీడర్ బ్రేకర్ దానికి వెంటనే పడదు, ఈలోగా ట్రే మీద వోల్టేజీ నిలిచి ఉంటుంది. కాబట్టి 50 అన్నది దాటకూడని గీత, దాన్ని గురిగా పెట్టుకోకండి. శుభ్రంగా బిగించిన జాయింట్ అందులో చిన్న భాగమే చూపిస్తుంది.

మీ కేబుళ్లు ఆర్మర్డ్. ఫాల్ట్ కరెంటుకు అసలు దారి ఆర్మర్ గానీ, విడిగా వేసిన ఎర్త్ కండక్టర్ గానీ కావాలి, దాని సైజు డిజైనర్ లెక్క. గ్లాండ్లు (కేబుల్ కొసను, ఆర్మర్‌ను ప్యానల్‌కి పట్టే బిగింపులు) సరిగా కట్టారా అన్నది ట్రే జాయింట్ల కన్నా ముందు చూడాల్సిన విషయం. ట్రేని మాత్రం బాండ్ చేయాలి, అంటే ఎర్త్‌కి కలపాలి: రెండు కొసల్లోనూ ఎర్త్ బార్‌కి, దారిలో ఎక్కడ ఖాళీ వచ్చినా జంపర్‌తో. వ్యాకోచ జాయింట్, విడిగా వేసిన రెడ్యూసర్, ఫైర్ వాల్ దగ్గర ట్రే తెగితే అక్కడ, ఇవన్నీ జంపర్ చోట్లే. అమెరికా విద్యుత్ కోడ్ ఆర్టికల్ 392 ట్రేనే ఎర్త్ కండక్టర్‌గా వాడనిస్తుంది గానీ దానికి గుర్తింపు, రేకు కోత మీద షరతులు ఉన్నాయి. మామూలు చిల్లుల ట్రేని ఊరికే అలా లెక్కపెట్టుకోవడానికి లేదు.

పౌడర్ కోటింగ్ ట్రే అయితే జాయింట్ కింద రంగు గీకాలి, లేదా రంగును కొరికే పళ్ల వాషర్ వేయాలి. జీఐకి ఆ బాధ లేదు.

మామూలు మల్టీమీటర్‌తో ఇది కొలవలేరు, దాని వైర్ల రెసిస్టెన్సే వందల మిల్లీ ఓమ్‌లు ఉంటుంది. కనీసం 200 మిల్లీ ఆంపియర్లు పంపే కంటిన్యుటీ టెస్టర్‌తో వైర్లను ముందు సున్నా చేసి కొలవండి, ఒక్కో జాయింట్ తేడా తెలియాలంటే నాలుగు వైర్ల మైక్రో ఓమ్ మీటర్ తీసుకోండి. కేబుళ్లు పరవక ముందే కొలవాలి. తర్వాత ఆర్మర్, గ్లాండ్లు అన్నీ కలిసి జాయింట్ లోపాన్ని కప్పేస్తాయి.

బోల్టు దిశ కూడా చూడండి. నున్నటి గుండ్రటి తల ట్రే లోపలికి, నట్టు బయటికి. తిరగేసి బిగిస్తే బోల్టు కొస లోపలికి పొడుచుకొస్తుంది. కేబుల్ లాగేటప్పుడు షీత్ (కేబుల్ పై తొడుగు) మీద 2 మీటర్ల పొడవున చారలా ఒక గాటు పడుతుంది, అది ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్‌కి కూడా ఆ రోజు దొరక్కపోవచ్చు.

రైజర్‌షాఫ్ట్:

ప్లాస్టిక్ టైల సంగతి ఎవరూ ఎత్తలేదు. తిన్నగా పోయే ట్రేలో, కేబుల్ బరువు ట్రే అడుగే మోస్తున్నప్పుడు, టై పని కేబుల్‌ని వరుసలో ఉంచడమే. అక్కడ ప్లాస్టిక్ పరవాలేదు. ట్రే పక్కకు తిరిగి గోడకు నిలువుగా ఉన్నా, కేబుల్ ట్రే కింది వైపు వేలాడుతున్నా, షాఫ్టులో దిగుతున్నా ప్లాస్టిక్ ఒక్కదాన్నే నమ్మకూడదు. నైలాన్ 66 సుమారు 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పట్టు అంతకు చాలా ముందే సడలుతుంది. మంటలో సీలింగ్ కింద వేడి ఆ హద్దును త్వరగానే దాటుతుంది.

బ్రిటన్‌లో సౌతాంప్టన్‌లోని షర్లీ టవర్స్‌లో 2010 ఏప్రిల్ 6న జరిగిన మంటల్లో ఇద్దరు ఫైర్ సిబ్బంది చనిపోయారు, ప్లాస్టిక్ ట్రంకింగ్ కరిగి వేలాడిన కేబుళ్లు అక్కడ కాళ్లకూ సామగ్రికీ చుట్టుకున్నాయి. బ్రిటిష్ వైరింగ్ ప్రమాణం బీఎస్ 7671 ముందు బయటికి వెళ్లే దారుల్లోను, 2018 ఎడిషన్ నుంచి భవనం అంతటా, మంటల్లో కేబుళ్లు ముందుగా కూలిపోని విధంగా పట్టి ఉంచాలని చెబుతోంది. మీది కారిడార్, అంటే జనం బయటికి పరుగెత్తే దారి. నడుమ నడుమ స్టీల్ టై గానీ లోహపు శాడిల్ గానీ వేయండి.

షాఫ్టులో 14 మీటర్లకు మీటరుకు 25 చొప్పున 350 కిలోల కేబుల్. దాన్ని క్లీట్లు (కేబుల్‌ని బిగించి పట్టుకునే క్లాంపులు) పట్టకపోతే ఆ బరువంతా పైన బెండ్ అంచు మీద వేలాడుతుంది. వేసవులు గడిచేకొద్దీ అక్కడ షీత్ నొక్కుకుపోయి ఆర్మర్ బయటపడుతుంది. కాబట్టి షాఫ్టులో చిల్లుల ట్రే మానేసి లాడర్ వేయండి, ప్రతి కేబుల్‌కీ 600 మి.మీ. దాటకుండా మెట్టుకు క్లీట్. లాడర్ బరువు గోడ బ్రాకెట్లకు సరిగా దిగుతున్నదా, లేక జారిపోయే క్లిప్పులతో పట్టి వదిలేశారా చూసుకోండి.

బెండ్ కొనేటప్పుడు వెడల్పుతో పాటు రేడియస్ చూడండి. ఆర్మర్డ్ ఎక్స్ఎల్‌పీఈ కేబుల్‌కి కనీస వంపు వ్యాసానికి 8 నుంచి 12 రెట్లు, ఏది అన్నది కేబుల్ కంపెనీ చెబుతుంది. 41 మి.మీ. కేబుల్‌కి 8 రెట్లు 328, 12 రెట్లు 492. షాపులో చేతికందే 150 మి.మీ. రేడియస్ బెండ్ మీకు ఎందుకూ పనికిరాదు. లాగేటప్పుడు కేబుల్ లోపలి అంచుకే ఒరుసుకుంటుంది కాబట్టి లెక్క లోపలి రేడియస్‌కే.

ఫైర్ వాల్: మామూలు పీయూ ఫోమ్ కొట్టి పైన సిమెంట్ పూస్తే అది ఫైర్ సీల్ కాదు. ఆ గోడ ఎంతసేపు నిలవాలో అంతసేపటికి, ట్రే, కేబుళ్లతో కలిపి టెస్ట్ అయిన పద్ధతి కావాలి. యూరప్‌లో ఈఎన్ 1366-3, అమెరికాలో యూఎల్ 1479 ప్రకారం టెస్ట్ చేస్తారు. పూత పూసిన రాక్‌వూల్ బోర్డు, ఫైర్ మోర్టార్, దిండ్లు ఏది వాడినా కేబుళ్ల మధ్య సందులు కూడా సీలెంట్‌తో పూడాలి. పొగ వచ్చేది ఆ త్రికోణపు సందుల్లోంచే. రెండు వైపులా మొదటి సపోర్ట్ ఎంత దూరంలో ఉండాలో టెస్ట్ పత్రంలో ఉంటుంది, అది మీ 1.25 కన్నా తక్కువైతే అక్కడ ఒకటి ఎక్కువ వేయాలి. ట్రే మూత ఉంటే గోడకు రెండు వైపులా ఆపేయండి. షాఫ్టులో ప్రతి స్లాబు దగ్గరా ఇదే కథ.

లోడ్‌లెక్క:

ఇంతకు ముందు మరిచాను, వెడల్పు. ఆరు 28లు 168, రెండు 41లు 82, కలిపి 250 మి.మీ. ఒక్క వరుసలో ఆనుకుని పడుకుంటే మిగిలేది 50. రేపు ఇంకో రెండు 35లు వస్తే 56 కావాలి, పట్టవు. రెండో వరుస ఎక్కిస్తే కరెంటు సామర్థ్యం ఇంకా తగ్గించాలి. ఇప్పటికే ఎనిమిది ఆనుకున్న కేబుళ్లకు చిల్లుల ట్రే మీద వైరింగ్ ప్రమాణం ఐఈసీ 60364-5-52 చెప్పే తగ్గింపు గుణకం 0.72. కేటలాగులో 100 ఆంపియర్లని ఉంటే మీరు లెక్కపెట్టుకోవాల్సింది 72. ఆ గుణకంతో కేబుల్ సైజులు చూసుకున్నారో లేదో డిజైనర్‌ని అడగండి. ఇంకా కొనకపోతే 450 మి.మీ. ట్రే తీసుకోవడం మేలని నా అభిప్రాయం.

కారిడార్45:

అందరికీ ధన్యవాదాలు. 1.25 లేఅవుట్ గీశాం, రాడ్లు 10 ఎంఎం చేస్తున్నాం, ట్రే 450కి మారుస్తున్నాం, గ్రాఫు మళ్లీ చూస్తాం. ఇంకో రెండు ప్రశ్నలు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ప్యానల్ దాకా వేరే చిన్న ట్రేలో సింగిల్ కోర్ 300 స్క్వేర్ కేబుళ్లు వెళ్తాయి, వాటికీ ఇవే టైలు చాలా? అలాగే కత్తిరించిన కొసలకు సిల్వర్ పెయింట్ వేస్తే సరిపోతుందా?

ఎర్త్‌లింక్:

సింగిల్ కోర్‌కి టైలు అస్సలు వద్దు. షార్ట్ సర్క్యూట్‌లో ఫేజులు ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. మూడు కేబుళ్లు త్రికోణంగా కట్టినప్పుడు కేబుల్ క్లీట్ల ప్రమాణం ఐఈసీ 61914 సూత్రం: మీటరుకు న్యూటన్లలో బలం = 0.17 × పీక్ కరెంటు కిలో ఆంపియర్ల వర్గం ÷ కేబుళ్ల నడుమ దూరం మీటర్లలో. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫాల్ట్ లెవల్ 25 కిలో ఆంపియర్లు అనుకుంటే పీక్ దాదాపు 52.5. కేబుల్ వ్యాసం 36 మి.మీ. అనుకుంటే మీటరుకు 13 కిలోన్యూటన్లు. 600 మి.మీ.కి ఒక క్లీట్ వేస్తే ఒక్కో క్లీట్ మీద 7.8 కిలోన్యూటన్లు, సుమారు 800 కిలోల బరువంత. 4.8 మి.మీ. వెడల్పు ప్లాస్టిక్ టై పట్టేది 222 న్యూటన్లు, అంటే 22 కిలోలు. మీ అసలు ఫాల్ట్ లెవల్ పెట్టి లెక్క మళ్లీ చేసి, ఆ పీక్‌కు టెస్ట్ సర్టిఫికెట్ ఉన్న ట్రిఫాయిల్ క్లీట్లు (మూడు కేబుళ్లను త్రికోణంగా పట్టేవి) తీసుకోండి. క్లీట్‌ను ట్రేకి పట్టే బోల్టు కూడా ఆ బలానికి ఆగాలి.

ఒక్క ఫేజు చుట్టూ ఇనుము పూర్తి రింగులా రాకూడదు. శాడిల్, గ్లాండ్ ప్లేటు, గోడలో పైపు, ఏదైనా సరే. రింగులో ఎడ్డీ కరెంట్లతో ఇనుము వేడెక్కి షీత్ కాలుతుంది. మూడు ఫేజులూ న్యూట్రల్ ఒకే రంధ్రంలోంచి పోవాలి, లేదా గ్లాండ్ ప్లేటు అల్యూమినియంది కావాలి.

డ్రిల్‌బిట్టు:

సిల్వర్ పెయింట్‌లో ఉండేది అల్యూమినియం పొడి, అది మెరుస్తుంది అంతే. కావాల్సింది జింక్ ఎక్కువున్న పెయింట్. హాట్ డిప్ పూత, అంటే కరిగిన జింక్‌లో ముంచి పట్టించేది, 1.6 మి.మీ. రేకుకు ఐఎస్ఓ 1461 ప్రకారం సగటున 55 మైక్రాన్లు. రిపేర్ పూత 100 మైక్రాన్లు ఉండాలంటుంది అదే పత్రం, అంటే ఒక్క చేయి బ్రష్‌తో అయ్యే పని కాదు. మీది ముందే జింక్ పూసిన రేకుతో చేసిన ట్రే అయితే, జెడ్275 రకానికి ఒక్కో పక్క 20 మైక్రాన్లే. లోపలి పొడి కారిడార్‌కి అది చాలు, తడి తగిలే షాఫ్టుకి హాట్ డిప్ అడగండి.

కోత హ్యాక్‌సా లేదా బ్యాండ్‌సాతో. గ్రైండర్ వాడితే అంచు దగ్గర జింక్ కాలి ఎగిరిపోతుంది, నిప్పురవ్వలు పక్క ట్రేలో పడి వారంలో తుప్పు చుక్కలవుతాయి. కోశాక ఆకురాయితో అంచు నున్నగా చేసి, వేలికి గుడ్డ చుట్టి ఒకసారి రాసి చూడండి. గుడ్డ ఎక్కడా చిక్కుకోకపోతే కేబుల్ షీత్‌కీ గాటు పడదు.

ఇంకొక మాట కేబుల్ లాగే వాళ్లకు: ట్రే మీద ఎక్కి నడవొద్దు, నిచ్చెన ట్రేకి ఆనించొద్దు. బెండ్ దగ్గర రోలర్ పెట్టి, ఆ రోలర్‌ని ట్రేకి కాకుండా స్లాబుకో స్తంభానికో కట్టండి. 90 డిగ్రీల మలుపులో లాగుడు 5 కిలోన్యూటన్లైతే మూల మీద పక్కకు పడేది 7. ఆ ట్రే మోయడానికి తయారైంది కిందికి, పక్కకు కాదు.

కారిడార్45:

రోలర్‌ని ట్రేకే కట్టాలనుకున్నాం. షాఫ్టు పక్కన కాలమ్ ఉంది, దానికి మారుస్తాం. లాగే రోజు ఫాల్స్ సీలింగ్ వాళ్లు కూడా అదే కారిడార్‌లో ఉంటారు, వాళ్ల తీగలు మా ఛానళ్లకు కడతామని అడిగారు.

లోడ్‌లెక్క:

ఒప్పుకోకండి. సీలింగ్ తీగ, స్ప్రింక్లర్ పైపు, డక్టు ఏదీ మీ సపోర్ట్‌కి వేలాడకూడదు, ఆ 35 కిలోల లెక్కలో అవి లేవు. వాళ్ల యాంకర్లు వాళ్లవి. లాగే రోజు ఆ కారిడార్ కింద ఇంకెవరూ లేకుండా తాడు కట్టండి, సీలింగ్ పని మర్నాటికి పెట్టుకోమనండి.